అతుకుల బొంత: ఒక నిందావాచకం, ఒక కుట్టుపని
(ఏలూరు – కొల్లేరు ప్రాంతపు క్రిస్మస్ కాలపు చేతికుట్టు ఆధారంగా పరిశీలన)

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్యవిమర్శలో 'అతుకుల బొంత' అనే మాట నిర్మాణదోషాన్ని చెప్పే నిందావాచకంగా స్థిరపడింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతంలో క్రిస్మస్ రోజుల్లో ఇళ్లలో సాగే చేతికుట్టును ఆధారంగా చేసుకొని ఆ మాట విలువను ఈ వ్యాసం తిరిగి పరిశీలిస్తుంది. బొంత కుట్టడంలో ఉన్న నియమాలను గుర్తించి, వాటిని జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవలానిర్మాణానికి అన్వయిస్తుంది.

కీలక పదాలు: బొంత, మాసిక, పొత్తిగుడ్డలు, లేసు అల్లిక, వస్తుసంస్కృతి, నవలానిర్మాణం.

1. మాట

తెలుగు విమర్శ పరిభాషకు దారంతో ఉన్న చుట్టరికం పాతది. సూత్రం అంటే దారమే. గ్రంథం, ప్రబంధం అనే మాటల్లో ముడి వేయడం, కట్టడం అనే అర్థాలున్నాయి. పెద్దన కవిత్వాన్ని మెచ్చుకోవడానికి సంప్రదాయం ఎంచుకున్న మాట అల్లిక. ఇతివృత్తానికీ పాత్రచిత్రణకూ ఉన్న సంబంధాన్ని పడుగుపేకలతో పోల్చడం నేటి వ్యాసాల్లోనూ కనిపిస్తుంది. నేత, అల్లిక, కూర్పు – ఇవన్నీ ప్రశంసలు. కుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరిభాష ఒక్కసారిగా ముఖం చిట్లిస్తుంది. పొసగని పార్టీలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వం పత్రికలకు అతుకుల బొంత. పొందిక లేదనిపించిన నవల సమీక్షకులకు అతుకుల బొంత.

ఈ చిన్నచూపు బొంత అనే వస్తువు మీద మాత్రమే ఉన్నది కాదు. విరాగి భుజం మీద కనిపించే బొంతకు 'కంథ' అనే సంస్కృత నామం దొరికింది. అది త్యాగానికి గుర్తుగా గౌరవం పొందింది. అదే గుడ్డ చలికాలపు రాత్రి నలుగురు పిల్లల మీద పరిచినప్పుడు లేమికి గుర్తుగా మిగిలింది. వస్తువు ఒకటే. కప్పుకొన్నది ఎవరు, కుట్టింది ఎవరు అన్నదాన్ని బట్టి దాని విలువ మారింది. కనుక 'అతుకుల బొంత' అనే విమర్శపదం వెనుక ఒక సౌందర్యనిర్ణయంతో పాటు ఒక సామాజికనిర్ణయం కూడా ఉన్నదని చెప్పవలసి ఉంటుంది.

2. పని

ఈ ప్రాంతంలో బొంత కుట్టడానికి డిసెంబరు అనువైన నెల. సార్వా కోతలు ముగుస్తాయి. దాళ్వా నాట్లకు ఇంకా కొంత వ్యవధి ఉంటుంది. కూలిపనికి వెళ్లే స్త్రీకి మధ్యాహ్నపు వేళ కాస్త ఖాళీ దొరికేది అప్పుడే. కొల్లేటి లంకల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా దిగే రోజులూ అవే. క్రైస్తవ కుటుంబాల్లో దీనికి మరొక కారణం తోడవుతుంది. పండగకు ఇంటికి సున్నం వేస్తారు, వాకిట నక్షత్రం కడతారు, పిల్లలకు కొత్త బట్టలు తెస్తారు. కొత్త బట్ట పెట్టెలోకి రావడమంటే కట్టి కట్టి మెత్తబడిన పాత చీర బొంతలోకి దిగడం. ఒకే గడపలో పండగ బట్టలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, చీర అంచుకు ఫాల్ వేయడం, పక్కనే బొంత పరచడం కలిసి సాగుతాయి.

బొంతకు కావలసిన సామగ్రి కూడా ఈ నేల ఇచ్చినదే. ఏలూరులో జనపనార మిల్లు వెలిసింది. తాడేపల్లిగూడెం పెద్ద ఉల్లి మార్కెట్టు. గోనెపట్టా దొరకడం ఇక్కడ కష్టం కాదు. నేల మీద పరుచుకునే బొంతకు అడుగున గోనె వేస్తే చెమ్మ పైకి రాదు. గోనెసంచి మూతి కుట్టే దబ్బనమే దళసరి బొంతకూ పనికివస్తుంది.

చూసేవారికి ఎలా పడితే అలా కుట్టినట్టు కనిపించే ఈ పనిలో కచ్చితమైన నిర్ణయాలున్నాయి. చీరలో ముందుగా చీకిపోయేది నడుమ భాగం. అంచూ కొంగూ ఎక్కువకాలం నిలుస్తాయి. కాబట్టి చీకిన భాగాలు లోపలి పొరల్లోకి వెళతాయి, గట్టి భాగాలు పైకీ చుట్టూరా వస్తాయి. పొరలను నీడలో, సమతలమైన నేల మీద పరిచి, మూలల్లో బరువు పెట్టి, ముందుగా పొడుగు టాకాలు వేస్తారు. ఆ తరువాతే అసలు కుట్టు. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని కుట్టినప్పుడు ఇద్దరి చేతిలో దారం బిగువు ఒకేలా ఉండాలి. లేకుంటే బొంత ఒక పక్కకు ముడుచుకుపోతుంది. వరుసల మధ్య దూరం పెరిగితే ఉతికినప్పుడు లోపలి గుడ్డలు ఉండకడతాయి. తగ్గితే బొంత బిరుసెక్కి ఒంటికి హత్తుకోదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. బొంతలోకి వచ్చే గుడ్డలన్నీ ఇదివరకే ఎన్నోసార్లు తడిసి, ఆరి, కుంచించుకుపోవలసినంత కుంచించుకుపోయినవై ఉండాలి. ఉతకని కొత్త ముక్క ఒక్కటి చేరినా మొదటి ఉతుకులో అది ముడుచుకుని చుట్టూ ఉన్న పాతగుడ్డను చింపుతుంది. సువార్తల్లో పాతబట్టకు కొత్తగుడ్డ మాసిక వేయడాన్ని గురించిన ఉపమానం (మత్తయి 9:16, మార్కు 2:21, లూకా 5:36) సరిగ్గా ఈ సంగతినే చెబుతుంది. వేదాంతులు ఆ ఉపమానంలో పాత, కొత్త నిబంధనల చర్చను చూశారు. దబ్బనం పట్టిన స్త్రీకి అది ముందుగా తన పనిలోని సత్యం. 'మాసిక' వంటి మాట పండితభాష నుంచి కాక ఇంటిపని నుంచి తెలుగు బైబిలులోకి వచ్చిందన్నది గమనించదగినది.

క్రిస్మస్ కథకు కేంద్రంలో ఉన్న మాట కూడా అటువంటిదే. లూకా సువార్త రెండవ అధ్యాయంలో శిశువును చుట్టిన బట్టలను తెలుగు అనువాదం 'పొత్తిగుడ్డలు' అన్నది. పొత్తిళ్లలో బిడ్డ అనే వాడుక తెలిసిన ఏ తెలుగు శ్రోతకైనా ఆ మాటతో కంటి ముందు కనిపించేది తల్లి పాతచీర చింపి మడిచిన మెత్తని గుడ్డ. ప్రతి డిసెంబరులో ఆ వాక్యం చదివినప్పుడల్లా బేత్లెహేము కొద్దిసేపు కొల్లేటి లంకగా మారుతుంది. అపొస్తలుల కార్యముల తొమ్మిదవ అధ్యాయంలోని దొర్కా మరో ఉదాహరణ. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ చూపించినవి ఆమె కుట్టిన బట్టలు. ఒక స్త్రీ జీవితానికి ఆమె కుట్టుపనిని సాక్ష్యంగా నిలబెట్టిన ఆ సన్నివేశం తెలుగు విమర్శకు ఇంతవరకు పెద్దగా పట్టలేదు.

3. లెక్కకు వచ్చినవి, రానివి

ఏలూరు పేరు చెబితే తివాచీ గుర్తుకు వస్తుంది. నరసాపురం పేరు చెబితే లేసు గుర్తుకు వస్తుంది. మిషనరీ కుటుంబాల ద్వారా పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి ప్రాంతంలో అడుగుపెట్టిన కొక్కెపుసూది అల్లిక ఎగుమతి సరుకైంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ లేసు మీద జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర క్షేత్రపరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' గ్రంథం వెలువరించారు. ప్రపంచ విపణి కోసం రోజంతా అల్లే స్త్రీలను 'ఖాళీ సమయంలో ఏదో చేసుకునే గృహిణులు'గా లెక్కకట్టడం వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె నిరూపించారు. ఆ పని ముక్కలుగా విభజింపబడి ఉంటుంది. పువ్వులు అల్లేవారు కొందరైతే, వాటిని కలిపి పూర్తి వస్తువుగా మలిచేవారు వేరొకరు. ఆ కలిపే పనిని 'అతుకుపని' అంటారు. విమర్శలో నిందగా మారిన మాట ఇక్కడ ఒక నైపుణ్యానికి పేరు.

మీస్ వాదాన్ని బొంతకు అన్వయిస్తే పరిస్థితి మరింత తీవ్రంగా కనిపిస్తుంది. లేసుకు తక్కువైనా ఒక ధర ఉంది. ధర ఉన్నందువల్ల వర్తకుడు, లెక్కపుస్తకం, పరిశోధకురాలు వచ్చారు. బొంత అమ్మకానికి పోదు. అమ్మకం లేనిదానికి చరిత్ర రాసే అలవాటు లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశాలు (వ్యవసాయం 1962, చేనేత 1971) తెలుగుకు జరిగిన మహోపకారం. ఆ ప్రణాళిక వృత్తుల వారీగా సాగింది. ఇంటి కుట్టు ఏ వృత్తి కిందికీ రాదు. జానపదగేయాల వర్గీకరణలోనూ దంపుడు, తిరగలి, ఏతం, నాట్లు, కలుపు ప్రధానంగా నిలిచాయి. సామూహిక శ్రమలో లయ వినిపించినచోట పాట దొరికింది. కుట్టు మెల్లగా, ఒకరిద్దరితో, మాటల మధ్య సాగే పని. అక్కడ పుట్టేది పాటకంటే కబురు: ఈ ముక్క ఎవరి చీరది, ఏ పెళ్లికి కొన్నది, అది కట్టిన మనిషి ఇప్పుడు ఎక్కడ ఉంది అన్న కబురు.

బెంగాలులో ఇలా జరగలేదు. జసీముద్దీన్ 1929లో 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యంలో తన కథను బొంత మీద కుట్టుకున్న స్త్రీని నాయికగా నిలిపాడు. గురుసదయ్ దత్ కాంథాలను సేకరించాడు. 1939లో స్టెల్లా క్రామ్రిష్ వాటి మీద కళావిమర్శ రాసింది. బెంగాలీ కాంథా మీద బొమ్మలున్నాయి, తెలుగు బొంత మీద లేవు అన్న సమాధానం పాక్షికం. బొమ్మ లేనిచోట కూడా కూర్పు ఉంటుంది. అమెరికాలో బానిసత్వంలో పుట్టిన హారియట్ పవర్స్ బైబిలు ఘట్టాలను కుట్టిన బొంతలు నేడు స్మిత్సోనియన్, బోస్టన్ సంగ్రహాలయాల్లో ఉన్నాయి. అయితే సంగ్రహాలయానికి చేరడమే బొంతకు గౌరవమా అన్న ప్రశ్నను ఆలిస్ వాకర్ 1973లోనే 'ఎవ్రీడే యూజ్' కథలో వేసింది. చదువుకున్న కూతురు బొంతలను గోడకు వేలాడదీయాలంటుంది. తల్లి వాటిని కప్పుకునే చెల్లెలికే ఇస్తుంది. ఆ హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది. బొంత కుట్టిన స్త్రీలలో చాలామంది చేతిలో డబ్బుంటే కంబళి కొనేవారే. లేమిని అలంకారంగా మార్చడం విమర్శ పని కాదు. లేమిలోంచి పుట్టిన నేర్పును నేర్పుగా గుర్తించడం దాని పని.

4. అన్వయం

'అంటరాని వసంతం' (2000) ఏలూరు ప్రాంతపు నవల కాదు. దాని ఎన్నెలదిన్ని దక్షిణకోస్తాకు చెందినది. అయినా దళిత క్రైస్తవ కుటుంబపు తరాల కథగా, రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకంగా సాగే ఆ రచన పై చర్చకు సరైన పరీక్ష. అందులో వీధిభాగోతం ఉంది, పాట ఉంది, కరువు ఉంది, మిషనరీ చరిత్ర ఉంది, ఉద్యమం ఉంది. కథాకాలం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నేత ప్రమాణంతో కొలిస్తే, అంటే మొదటి నుంచి చివరి వరకు ఒకే పోగు సాగాలన్న ప్రమాణంతో కొలిస్తే, ఇది శిథిలనిర్మాణం. బొంత ప్రమాణంతో కొలిస్తే అడగవలసిన ప్రశ్నలు మారతాయి. ముక్కలు ఉతికినవేనా? చీకిన భాగం ఎక్కడ పెట్టారు? కుట్టు వరుసల మధ్య దూరం ఎంత?

మొదటి ప్రశ్నకు నవల పూర్వార్ధం బలమైన సమాధానం ఇస్తుంది. ఎల్లన్న, సుభద్రల కథ రూతు స్వయంగా చూసినది కాదు, విన్నది. ఎన్నో నోళ్లలో నలిగి, ఎన్నోసార్లు చెప్పబడి, అనవసరమైనదంతా రాలిపోయిన కథ. కుంచించుకుపోవలసింది ముందే కుంచించుకుపోయింది. అందుకే పాట పక్కన చరిత్ర, చరిత్ర పక్కన కబురు వచ్చినా అతుకు దగ్గర గుడ్డ లాగదు. తెలియనిచోట తెలియనట్టే చెప్పే రూతు స్వరం అన్ని పొరలనూ పట్టి ఉంచే కుట్టు. ఈ వరుస ఎక్కువసేపు తెగదు. తెగినచోట పాఠకుడు వెంటనే గమనిస్తాడు.

రెండవ ప్రశ్న పేర్ల దగ్గర తేలుతుంది. శివయ్య సీమోను అవుతాడు. తరువాతి తరాలు రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. పాతబట్ట మీద కొత్త మాసిక అంటే ఇదే. ఉపమానం హెచ్చరించినట్టుగానే అక్కడ గుడ్డ చిరుగుతుంది: పేరు మారినా కులం మారదు, ఆ చిరుగు దేవాలయం లోపలికీ వస్తుంది. రచయిత దాన్ని లోపలి పొరలో దాచలేదు, పైకే పెట్టాడు. బొంత కుట్టేవారు సాధారణంగా చేయని పని ఇది. నవల చేయవలసిన పని.

మూడవ ప్రశ్న దగ్గర ఆక్షేపణ తప్పదు. ఉత్తరార్ధంలో రచయిత రూతు స్వరాన్ని పక్కకు పెట్టి నేరుగా చరిత్రవ్యాఖ్యానంలోకి దిగిన సందర్భాలున్నాయి. ఆ వ్యాఖ్యానాల్లోని అభిప్రాయాలతో విభేదించనవసరం లేదు. కాని అవి ఇంకా ఎవరి నోటా నలగని కొత్తగుడ్డ. జెస్సీ తరానికి వచ్చేసరికి ముక్కలు పెద్దవవుతాయి, కుట్లు దూరమవుతాయి, పక్కనున్న జ్ఞాపకపు పొర బిగుసుకుని ముడతపడుతుంది. ఈ లోపాన్ని 'అతుకుల బొంత' అనే నింద పట్టుకోలేదు, ఎందుకంటే ఆ నింద నవల మొత్తాన్నీ ఒకే మాటతో కొట్టివేస్తుంది. ఏ అతుకు నిలిచింది, ఏది లాగింది అన్న తేడాను చూపగలిగేది బొంత కుట్టడం తెలిసిన చేతికి ఉన్న కొలతే; ఎల్లన్న పాటల భాగాన్నీ జెస్సీ భాగాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ తేడా పుటపుటలోనూ తెలుస్తుంది.