వాక్యూమ్ క్లీనర్ ఎవరి చేతికి?

తెలుగు స్త్రీవాద సాహిత్యం ఇంటిచాకిరీ గురించి మాట్లాడినప్పుడల్లా వంటింటి దగ్గరే ఎక్కువసేపు ఆగింది. విమల 'వంటిల్లు' కవిత మనందరికీ ఒక కొండగుర్తు. ఊడవడం, తుడవడం గురించి మనం రాసింది తక్కువ. ఆ తక్కువలో పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ముందు నిలుస్తుంది. ఇంటి శుభ్రంలో మునిగిపోయి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ అది. ఆ పేరు గుర్తుచేసింది భర్తా కాదు, పిల్లలూ కాదు, ఒక పాత స్నేహితురాలు. ఈ కథ చర్చకు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇప్పుడు మెషిన్లు వచ్చేశాయి కదా, ఇంకా ఈ సమస్య ఉందా?" అని అడుగుతారు. ఉందో లేదో తేల్చుకోవాలంటే ఆ మెషిన్‌ని కూడా ఒక పాఠ్యంలా చదవాలి.

వాక్యూమ్ క్లీనర్ పుట్టుకలోనే ఒక శ్రామికుడి ఊపిరితిత్తులున్నాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక దుకాణం ఊడ్చే పనివాడు. దుమ్ముకి ఉబ్బసం ఎక్కువై, చీపురుకర్ర, దిండుగలీబు, మోటారు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది, అది హూవర్ కుటుంబం చేతికి వెళ్లింది. కూలికి ఊడ్చేవాడు తన ఆరోగ్యం కోసం చేసుకున్న వస్తువు, ప్రకటనల్లోకి వచ్చేసరికి కూలి లేకుండా ఊడ్చే భార్యకి భర్త ఇచ్చే కానుక అయింది.

చరిత్రకారిణి రూత్ శ్వార్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో ఈ పరిణామాన్నే విశ్లేషించింది. యంత్రాలు వచ్చాక తగ్గింది ముఖ్యంగా మగవాళ్లూ, పిల్లలూ, పనివాళ్లూ చేసే పని. తివాచీలు బయటికి మోసుకెళ్లి దులిపే పని పోయింది, కానీ వాటిని వారం వారం శుభ్రం చేసే బాధ్యత ఇల్లాలికి మిగిలింది. శ్రమ తగ్గినచోట శుభ్రత ప్రమాణం పెరిగింది. ఈ విశ్లేషణ మనకి ఎంతో ఉపయోగపడుతుంది, కానీ యథాతథంగా సరిపోదు. అక్కడ యంత్రం వచ్చి పనిమనిషి వెళ్లిపోయింది. ఇక్కడ మధ్యతరగతి ఇంట్లో యంత్రమూ ఉంది, పనిమనిషీ ఉంది.

మన దేశంలో ఈ యంత్రాన్ని ఇంటింటికీ తీసుకొచ్చింది ప్రధానంగా 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్. ఇంటింటి అమ్మకంలో ప్రదర్శనే ప్రాణం. శుభ్రంగా కనిపించే పరుపు మీద యంత్రం నడిపి, పీల్చిన దుమ్ముని తెల్లగుడ్డ మీద చూపిస్తారు. ఇల్లు ఆ ఇంట్లో ఉన్న అందరిదీ, సిగ్గుపడాల్సింది మాత్రం ఇల్లాలు.

ఇక ఎంపిక. ఎన్ని వాట్లు, ఎంత పీల్చే శక్తి అన్నవి మగవాళ్లు మాట్లాడుకునే లెక్కలు. వాడే మనిషి అడగాల్సిన ప్రశ్నలు వేరు. బరువెంత? ఒంటిచేత్తో మేడమీదికి మోయగలనా? పైపు ఎంత పొడుగు? ఆ రొదలో పాప ఏడుపు, కుక్కర్ కూత వినిపిస్తాయా? సంచి దులిపేటప్పుడు పీల్చిన దుమ్మంతా మళ్లీ నా ముఖాన్నే పడుతుందా? ఇవన్నీ సాంకేతిక ప్రశ్నలే. కానీ ఇవి కరపత్రంలో అంత పెద్ద అక్షరాల్లో ఉండవు.

తెచ్చుకున్నాక జరిగేది చాలా ఇళ్లలో ఒకటే. తివాచీల దేశం కోసం తయారైన యంత్రం మన తాండూరు బండల మీదా, మొజాయిక్ మీదా, టైల్స్ మీదా సగం పనే చేస్తుంది. తడిగుడ్డ ఎలాగూ పెట్టాల్సిందే. పైపులు బిగించి, ప్లగ్గు పెట్టి, మళ్లీ విప్పి సర్దేలోపు చీపురుతో రెండు గదులు అయిపోతాయి. దాంతో యంత్రం అటకెక్కుతుంది. సంక్రాంతికీ ఉగాదికీ బూజు దులపడానికి దిగుతుంది.

అయినా దాన్ని పనికిమాలినదని నేను అనను. చీపురు దుమ్ము లేపుతుంది, యంత్రం పీల్చుకుంటుంది. చీపురుకి నడుం వంచాలి, యంత్రాన్ని నిలబడి నడపొచ్చు. మన కొండచీపురు అంత పొట్టిగా ఎందుకుందో, దానికి పొడుగు కర్ర కట్టాలని ఇన్నేళ్లుగా ఎవరికీ ఎందుకు తోచలేదో ఆలోచిస్తే, ఊడ్చేవాళ్ల నడుముకి మన సమాజం ఇచ్చిన విలువ తెలుస్తుంది. మరి నిలబడి ఊడ్చే సౌకర్యం ఎవరికి అందాలి? రోజూ నాలుగైదు ఇళ్లు వంగి ఊడ్చే స్త్రీకి. ఆమెకే ఆ యంత్రాన్ని ముట్టుకోనివ్వం. "పాడుచేస్తుంది" అంటాం. ముట్టనిస్తే సోఫాలూ పరుపులూ అదనంగా చేయిస్తాం, జీతం మాత్రం పెంచం. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' వచ్చి ఇన్నేళ్లయినా, ఇంటిచాకిరీ గురించి రాసేటప్పుడు మనం 'స్త్రీ' అని ఏకవచనంలోనే రాస్తున్నాం. చీపురు ఎవరి చేతిలో ఉందన్నది జెండర్ ప్రశ్న ఎంతో, కులప్రశ్న కూడా అంతే.

మగవాళ్ల సంగతి మరిచిపోవాల్సిన అవసరం లేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు పనిచేస్తే, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు పనిచేశారు. పురుషుల్లో అసలు పాల్గొన్నవాళ్లే నాలుగోవంతు.

ఇప్పుడు రోబో వచ్చింది. అది తిరగాలంటే ముందు నేల మీద బొమ్మలూ, వైర్లూ, చెప్పులూ ఎవరో తియ్యాలి. దాని బ్రష్షుకి చుట్టుకున్న పొడుగాటి వెంట్రుకల్ని ఎవరో కూర్చుని కత్తిరించాలి. ఆ 'ఎవరో' ఎవరని చెప్పక్కర్లేదు. చాలా ఇళ్లలో దానికి ముద్దుగా ఒక పేరు కూడా పెడుతున్నారు. సత్యవతి కథలోని శారద తన పేరు కోసం ఇల్లు వదిలి వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. అదే ఇంట్లో ఊడ్చే యంత్రానికి పేరుంది, ఊడ్చే మనిషి మాత్రం ఇంకా 'పనమ్మాయే'.

యంత్రం వచ్చింది కాబట్టి ఆ కథకి కాలం చెల్లిందనడం సరికాదు. ఆ కథ ఇప్పుడు ఇద్దరు స్త్రీల కథ అయింది. రెండో స్త్రీ వైపు నుంచి దాన్ని రాయడం, రాసినవాటిని చదవడం మన ముందున్న పని. దానికంటే ముందు అటక మీది యంత్రాన్ని దించి, ఎలా వాడాలో ఆమెకి చూపించి, జీతం గురించి కూర్చుని మాట్లాడటం ఇంకా దగ్గరి పని.