వెనక వైపు ఎండ

అచ్చంపేట ప్రాంతంలో, అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మేలో గిరిజన రైతుల సోలార్ పంపుల పథకం మొదలైంది. అప్పటి నుంచి ప్యానెళ్లు బిగించేవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. రెండు వైపులా కరెంటు తీసే ప్యానెలైతే వాళ్ల నేర్పు మరీ ముచ్చట. ముఖం దక్షిణానికి, వాలు ఇంచుమించు 16 డిగ్రీలు, నేలకు మీటరు ఎత్తు. అంత ఎత్తుంటేనే నేల మీద పడ్డ ఎండ ఎగసి వెనక అద్దానికి బాగా అందుతుంది. కమ్మీల నీడ వెనక సెల్స్ మీద పడకుండా అంచుల వెంటే బిగిస్తారు. మట్టి నేల దాదాపు ఐదో వంతు వెలుగును తిప్పి పంపుతుంది, తెల్ల సున్నం వేసిన నేల సగానికి పైగా. మామూలు నేల మీదే నూటికి ఐదు, పది యూనిట్లు అదనం; బోరు నీళ్లు ఇంకో నాలుగు సాళ్లకు పారతాయి. ఇలాంటివి పెట్టించుకున్న రైతన్నలూ, కింద పొదలు పెరగనివ్వకండి, వెనక అద్దాన్నీ తుడవండి.