టైమ్ మిషన్ గోల్కొండలో ఎందుకు ఆగదు?

1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. మామూ నన్ను సినిమాకి తీసుకెళ్లాడు. తిరిగొస్తూ చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ అడిగాను, అంత దూరం పోయిన మిషన్ మన గోల్కొండకి ఎందుకు పోలేదని. మామూ నవ్వాడు. "చాబీ అప్నే పాస్ నై హై బేటా" అన్నాడు. తాళంచెవి మన దగ్గర లేదన్నమాట.

ముందే ఒకటి చెప్పాలి. సింగీతం శ్రీనివాసరావు మీద నాకు కోపం లేదు, అభిమానమే. 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన కాలయంత్రాన్ని ఆయన తెలుగు ఇంటి చుట్టంగా మార్చారు. మిషన్‌లో హీరో హీరోయిన్లతో పాటు ఓ కానిస్టేబుల్‌నీ ఎక్కించారు. 1526 నాటి రాయల కొలువులో తెనాలి రామలింగడితో నవ్వించారు. 2504లో యుద్ధం మింగేసిన భూమిని చూపించి భయపెట్టారు. సైన్సుకి హాస్యం, కుటుంబం, చరిత్ర కలపడం ఆయన శైలి. సైన్సు అంటే తెలియని మా నానీమా కూడా ఆ కథని మరొకరికి చెప్పగలిగింది. అది చిన్న విషయం కాదు.

అయితే బాట వేసినవాడి అడుగులు వెనక వచ్చేవాళ్లకి గీతలవుతాయి. నిన్న అంటే సింహాసనం, రేపు అంటే శిథిలం. ఈ రెండు స్టేషన్లూ మన సైన్స్ ఫిక్షన్‌లో స్థిరపడ్డాయి. 2022లో వచ్చిన 'బింబిసార'లో రాజే కాలం దాటి మన మధ్యకొచ్చాడు. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ'లో రేపటి శిథిలం కాశీ అయింది, ఆశ శంబల అయింది. ఆ సినిమాకి సింగీతం మార్గదర్శిగా చేరినట్టు నిర్మాతలు 2020లోనే ప్రకటించారు. కాబట్టి ఈ చుట్టరికం నేను కల్పించింది కాదు. శంబలలో మరియం అనే పేరు వినిపిస్తుంది. సంతోషమే. కానీ పేరు దొరికినంత మాత్రాన చరిత్ర దొరికినట్టేనా?

విజయనగరానికి ఎందుకు పోయారని నేను అడగడం లేదు. పోయినవాళ్లు అక్కడ ఏం చూశారని అడుగుతున్నాను. హంపీలో అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో, రెండో దేవరాయల కాలంలో, మసీదు కట్టించాడు. శాసనం దాన్ని ధర్మశాల అంటుంది. 1526లో మిషన్ దిగేనాటికి ఆ మసీదుకి ఎనభై ఏడేళ్లు. కథ అటు తిరగదు. మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. కనబడనివ్వలేదు, అంతే. తిడితే జవాబు చెప్పొచ్చు. కనబడకపోతే ఎవరికి చెప్పాలి?

మరో పదిహేడేళ్లు ముందుకి, 1543 దాకా పోతే చాలు. గోల్కొండ నుంచి పారిపోయిన ఇబ్రహీం అనే కుర్రాడు విజయనగరంలో తలదాచుకుంటూ కనిపించేవాడు. ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. 1550లో తిరిగొచ్చి ఇబ్రహీం కుతుబ్ షా అయ్యాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రాసిన 'యయాతి చరిత్ర'కి కృతిభర్త అమీన్ ఖాన్. ఆ ఇబ్రహీమే 1565లో తనకి ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి వెళ్లాడు. దాన్నీ దాచొద్దు. ఆశ్రయం, కవిత్వం, యుద్ధం అన్నీ ఒక్క జీవితంలోనే ఉన్నాయి. ఇంతకంటే మంచి స్క్రీన్‌ప్లే ఎక్కడ దొరుకుతుంది?

'ఆదిత్య 369' కథ రాయల కాలం నాటి వజ్రం చుట్టూ తిరుగుతుంది. ఈ నేల వజ్రాలని ప్రపంచం పిలిచింది మాత్రం గోల్కొండ పేరుతోనే.

రాజుల కథలే కావాలని నేననను. 2022లోనే 'ఒకే ఒక జీవితం' వచ్చింది. ముగ్గురు స్నేహితులు 1998కి, ఒక అమ్మ బతికున్న రోజులకి పోతారు. అందులో సింహాసనం లేదు, ఇల్లుంది. సింగీతం తెచ్చిన ఇంటి వాసనని సరిగ్గా పట్టుకున్న సినిమా అది. అమ్మ దగ్గరికి పోగలిగిన మిషన్ మా గల్లీకి రాలేదా? 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని చెప్పుకుంటారు. ఎవరిది ఏ మతమో చెట్టు అడగలేదు. మిషన్‌ని ఒక్కసారి ఆ కొమ్మల దగ్గర ఆపండి.

సైన్స్ ఫిక్షన్ అంటే రేపటిని ఊహించడం. నిన్నటిలో లేని మనిషికి రేపటిలో చోటెలా వస్తుంది? సెక్యులర్ మిత్రులారా, ఈ ప్రశ్నని మా ఒక్కరి గోడుగా కొట్టిపారేయకండి. మల్కిభరాముడు పోతే పోయేది మీ తెలుగు కూడా.

మామూ ఇప్పుడు లేడు. తాళంచెవి ఎవరి జేబులోనో ఉందని ఆయన అనుకున్నాడు. అది కథ రాసేవాడి చేతిలో ఉంటుందని నాకు ఇన్నేళ్లకి అర్థమైంది. ఇక రాయాల్సింది మనమే.