షెల్ స్క్రిప్టు వ్రాయువాని నేర్పు
ఉదయగిరి దుర్గపాదమున కొయ్యగరిటెలు చెక్కు పనివారి కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆత్మకూరులో నొక యిఱుకు గదిలో కూర్చుండి షెల్ స్క్రిప్టు వ్రాయువానికి అట్టి బిరుద మేదియు లేదు గాని, అతనిదియు చేతిపనియే యని నా తలంపు. 1979లో ఏడవ కూర్పు యూనిక్స్‌తో బెల్ ప్రయోగశాలలనుండి వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్లునో, 1989లో బ్రయన్ ఫాక్స్ రచించిన బాష్‌నో ఆధారముగాఁ గొని, ఫైలు పేరేమని సవినయముగ నడిగి, ‘రీడ్’ అను ఆజ్ఞచే ఆ పేరును చలరాశిలో నిలిపి, అట్టి ఫైలు కలదో లేదో, చదువుట కనుమతి యున్నదో లేదో విచారించిన పిదపనే దాని పంక్తుల నొక్కటొక్కటిగాఁ జదివించుట యంతయు పది పంక్తులలో ముగియును. ముగియునన్న మాటయే గాని, నేర్పంతయు డబుల్ కోట్‌లలో నున్నది. ‘ఉదయగిరి అడంగల్’ అని నడుమ ఖాళీ విడిచి ఫైలునకుఁ బేరు పెట్టుట మనవారి కలవాటు. చలరాశికి ఇరువైపుల కోట్‌లు లేనిచో షెల్లు దానిని రెండుగా విఱిచి, ఉదయగిరిని వేఱుగను, అడంగలును వేఱుగను ఆజ్ఞకు అందించును; ఆ యాజ్ఞ ఉన్న ఫైలును సైతము గుర్తింపఁజాలదు! ‘రీడ్’కు ‘ఆర్’ గుర్తు చేర్పనిచో బ్యాక్‌స్లాష్‌లు మాయమగును. తప్పు పేరిచ్చినవానిపైఁ గసరక మరల నడుగు స్క్రిప్టన్న నాకు మిక్కిలి ముచ్చట. మన కచేరీలలో నంతటి సహన మరుదు.