నల్ల అద్దానికి చోటెక్కడిది?

జపాన్ హెల్మెట్ల మాట వస్తే అరాయ్, షోయి అన్న రెండు పేర్లూ జంటగా వినిపిస్తాయి. రెండూ పాత కంపెనీలు, రెండిటికీ రేసుల్లో పేరుంది, రెండూ మన జేబుకు బరువే. అయినా ఒక్క సంగతిలో ఆ రెండూ పట్టిన దారుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, బెజవాడలోనో వరంగల్‌లోనో మూడు నాలుగు వేలు పట్టుకుని షాపుకెళ్లే మనిషికి బాగా పనికొస్తుంది. ఆ సంగతి లోపలి నల్ల అద్దం. షాపుల్లో డబుల్ వైజర్ అంటారు. బయట తెల్ల గ్లాసు, దాని వెనక చిన్న కూలింగ్ గ్లాసు. ఎడమ చేత్తో మీట జరిపితే నుదుటి పైనుంచి కళ్ల ముందుకు దిగుతుంది, వెనక్కి తోస్తే లోపలికి పోతుంది. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి మీట ఎక్కువగా ఎడమవైపు పెడతారు.

షోయి తన జీటీ-ఎయిర్, నియోటెక్ లాంటి దూరప్రయాణాల హెల్మెట్లలో ఈ అద్దం పెట్టింది. అరాయ్ పెట్టలేదు. ఎందుకో తెలియాలంటే హెల్మెట్ లోపల ఏముందో చూడాలి. పైన గట్టి డొప్ప, తలకు తగిలేచోట మెత్తటి బట్ట, ఆ రెండిటి మధ్య థర్మాకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు నలిగిపోయి తలను కాపాడేది ఆ పొరే. వేగంగా పోతున్న తల ఆగడానికి దొరికే దూరం దాని మందమంత. పొర పలచబడితే ఆ దూరం తగ్గుతుంది, తల మరింత గట్టిగా ఆగుతుంది. ఇప్పుడు నల్ల అద్దం వాడనప్పుడు దాక్కునే చోటు ఏదో ఆలోచించండి. నుదుటి పైన, డొప్పకూ థర్మాకోల్‌కూ మధ్య. ఆ చోటు రెండు రకాలుగానే వస్తుంది. థర్మాకోల్ చెక్కెయ్యాలి, లేదా డొప్పను పెద్దది చెయ్యాలి.

అరాయ్‌కి ఈ రెండూ నచ్చలేదు. ఆ కంపెనీ పెట్టిన హిరోతాకె అరాయ్ అంతకుముందు టోపీలు చేసినవాడు. గుండ్రంగా, నున్నగా ఉన్న డొప్ప రోడ్డుకు తగిలినప్పుడు ఎక్కడా పట్టుకోకుండా జారిపోవాలన్నది ఆ ఇంటి సిద్ధాంతం. డొప్ప వంపు వ్యాసార్ధం 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదని లెక్క పెట్టుకుని దానికి ఆర్75 అని పేరే పెట్టుకున్నారు. అలాంటివాళ్లు అద్దం కోసం నుదుటి దగ్గర పొరను తగ్గించడానికి ఒప్పుకోకపోవడంలో వింత లేదు. ఎండకు వాళ్లు చెప్పిన మందు ప్రో షేడ్. బయటి గ్లాసుకే ముందువైపు ఒక నల్ల రెక్క ఉంటుంది. దించితే కళ్లకు నీడ, ఎత్తితే టోపీ అంచులా నుదుటి మీద నిలబడుతుంది. థర్మాకోల్ జోలికే పోదు.

షోయి రెండో దారి పట్టింది. పొర మందం తగ్గించలేదు, డొప్ప ఆకారాన్నే మార్చి చోటు తెచ్చామంటుంది. హెల్మెట్ కాస్త పెద్దదవుతుంది, బరువు కొంచెం పెరుగుతుంది, అంతే.

ఇంతవరకూ చూస్తే ఎవరి వాదన వాళ్లదే. కానీ షోయి సరుకును మొత్తం వరసగా పెట్టి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. రేసుల కోసం చేసే ఎక్స్ వరస హెల్మెట్లలో షోయి కూడా లోపలి అద్దం పెట్టదు. కాలిఫోర్నియాలోని స్నెల్ ఫౌండేషన్ 1957 నుంచి హెల్మెట్లను కఠినంగా పరీక్షిస్తోంది. ఆ సంస్థ ముద్ర ఉన్నవాటిలో లోపలి అద్దం ఉన్నవి చాలా అరుదు. అమెరికాలో షోయి ఆర్ఎఫ్-1400కి ఆ ముద్ర ఉంది, జీటీ-ఎయిర్‌కి లేదు. అంటే అరాయ్ భయం ఉత్తిది కాదని షోయి చేతల్లో కొంత ఒప్పుకున్నట్టే.

అక్కడితో తీర్పు చెప్పేస్తే మాత్రం తప్పు. బ్రిటన్ ప్రభుత్వం 2007లో షార్ప్ అని ఒక పరీక్ష మొదలుపెట్టి హెల్మెట్లకు నక్షత్రాలు ఇస్తోంది. ఇటలీ కంపెనీ కాబెర్గ్ చేసిన డ్యూక్‌కి లోపలి నల్ల అద్దం ఉంది, ముందు భాగం మొత్తం పైకి లేస్తుంది కూడా. దానికి ఐదుకు ఐదు వచ్చాయి. అంటే అద్దం ఉన్నంత మాత్రాన హెల్మెట్ చెడిపోదు. దానికి చోటు ఎక్కడినుంచి తెచ్చారన్న ప్రశ్నకు ఒక్కో కంపెనీ ఒక్కో జవాబు చెబుతుంది. కొనేవాడు వెతకాల్సింది ఆ జవాబే.

అరాయ్ వాదనలో నాకు లోటుగా కనిపించేది ఒకటుంది. థర్మాకోల్ పడ్డాక పనిచేస్తుంది. పడకుండా కాపాడేది చూపు. మన రోడ్ల మీద ఆ చూపుకు ఎండ ఎంత అడ్డమో తెలియాలంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడపాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ దారి తిన్నగా పడమర దిక్కు కాదు, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. మే, జూన్ నెలల్లో సూర్యుడు గుంకేదీ దాదాపు ఆ దిక్కునే. సూర్యాపేట దాటాక సాయంత్రం ఐదున్నరకు ఎండ రోడ్డు పొడుగునా ఎదురొస్తుంది. ముందున్న లారీ ఒక నల్లటి మచ్చ, దాని బ్రేక్ లైటు వెలిగిందో లేదో తెలియదు. తిరుగు దారిలో ఇదే కథ చలికాలం పొద్దున. సంక్రాంతికి ఊరెళ్తూ తెల్లవారుజామున హైదరాబాద్ వదిలితే సూర్యుడు ఇంచుమించు రోడ్డు చివరే లేస్తాడు, అదీ మంచులోంచి. ఆ అరగంట కళ్లు చిట్లించుకుని నడిపే మనిషికి, రేసుల కోసం కట్టిన సిద్ధాంతం సగమే సరిపోతుంది. రేసులో రోడ్డు తెలిసిందే, ఎదురొచ్చే బండి ఉండదు, ఎండను బట్టి గ్లాసు మార్చిపెట్టే మనుషులుంటారు.

పైగా మన దగ్గర డబుల్ వైజర్‌కి అసలు పోటీ అరాయ్ కాదు. షాపు గుమ్మానికి వేలాడే నల్ల గ్లాసు, రంగులు మెరిసే మెర్క్యురీ గ్లాసు. కుర్రాళ్లు తెల్ల గ్లాసు ఊడదీయించి అది బిగించుకుంటారు, రాత్రి కూడా దాంతోనే తిరుగుతారు. ఐరోపా పాత 22.05 ప్రమాణంలో బయటి గ్లాసు 80 శాతం కన్నా తక్కువ వెలుతురు లోపలికి వదిలితే, పగటిపూట మాత్రమే అన్న గుర్తు దాని మీద ఉండాల్సి వచ్చేది. 50 శాతం కన్నా తగ్గితే ఒప్పుకునేవారే కాదు. ఈ గ్లాసుల మీద అలాంటి గుర్తు నేనెక్కడా చూడలేదు. దీని పక్కన పెడితే, క్షణంలో పైకి పోయే లోపలి అద్దం ఎన్నో రెట్లు మేలు. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి నల్లమలలోకి దిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒక మలుపులో మండే ఎండ, పక్క మలుపులో చెట్ల చీకటి.

కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటే పోదా అంటారు. చూపు వాటితోనే బాగుంటుంది, ఆ మాట నిజం. కానీ బిగుతైన హెల్మెట్‌లో వాటి కాడలు కణతల మీద నొక్కి గంటలో తలనొప్పి తెస్తాయి. నడుస్తున్న బండి మీద తీయలేం. పోలరైజ్డ్ అయితే వైజర్ మీద ఇంద్రధనుస్సు మచ్చలు కనిపిస్తాయి, కొన్ని బళ్ల డిజిటల్ మీటర్ నల్లగా మారుతుంది. చూపుకు అద్దాలు వాడేవాళ్లకు ఈ దారి సులువు కాదు. ఎండకు నల్లబడే కళ్లద్దాలు ఉన్నాయి కదా అని వాళ్లు ధీమాగా ఉంటారు. హెల్మెట్‌లో అవి సరిగా నల్లబడవు. వాటిని నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలు, వైజర్ చేసే పాలికార్బొనేట్ ఆ కిరణాల్ని దాదాపుగా ఆపేస్తుంది. తెల్ల గ్లాసు కూడా ఆ కిరణాల నుంచి కంటిని కాపాడుతుందన్నమాట. నల్ల అద్దంతో పని మిరుమిట్ల వరకే.

లోపలి అద్దం వల్ల నాకే ఒకసారి ముప్పు వచ్చినంత పనైంది. నాలుగేళ్ల కిందట చిట్యాల దాటాక పొద్దుగుంకింది. అద్దం దించే ఉంది. వెలుతురు కొంచెం కొంచెంగా తగ్గుతుంటే కన్ను దానికి అలవాటు పడుతూ పోతుంది, చీకటిపడిందన్న సంగతి మెదడుకు చేరదు. చౌటుప్పల్ ఇంకా రాలేదు, రోడ్డు పక్కన వరిగడ్డి ట్రాక్టర్ ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. బ్రేకు నొక్కి మట్టిలోకి దింపేసరికి హ్యాండిల్ గడ్డికి రాసుకుంటూ పోయింది. ఆగాక మీట వెనక్కి తోశాను. ఒక్కసారిగా లోకం తెల్లబడింది. ట్రాక్టర్ మాత్రమే కాదు, దాని పక్కన నిలబడ్డ ఇద్దరు మనుషులూ అప్పుడు కనిపించారు. పూర్వం హెడ్‌లైట్ వేసినప్పుడు అద్దం ఎత్తాలని గుర్తు పెట్టుకునే వీలుండేది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకు లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, ఆ గుర్తూ పోయింది. ఎదుటి కార్లు లైట్లు వెయ్యడం మొదలుపెట్టగానే నేను ఎత్తేస్తున్నాను.

ఈమధ్య మా తమ్ముడి కొడుక్కి హెల్మెట్ కొనడానికి బెజవాడలో ఒక షాపుకి వెళ్లాం. వాడికి కళ్లద్దాలున్నాయి. ఐఎస్ఐ ముద్ర లేనివాటిని ముట్టుకోలేదు. 2021 జూన్ 1 నుంచి, ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం వేసే ఆ ముద్ర లేకుండా అమ్మడమే నేరం. ఒకే కంపెనీవి రెండు తీయించాను, ఒకటి మామూలుది, ఒకటి డబుల్ వైజర్. డొప్ప రెండిటికీ ఒక్కటే సైజు, చూస్తేనే తెలుస్తోంది. లోపలి బట్ట బటన్లు ఊడదీసి నుదుటి దగ్గర వేలు పెట్టాను. మామూలుదాంట్లో వేలి కణుపు మందాన థర్మాకోల్ ఉంది. డబుల్ వైజర్‌లో అదే చోట పైనుంచి అద్దం దూరే గాడి, కింద సగం మందం. ఆ కంపెనీ జవాబు అదన్నమాట. షాపతను, “అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్” అన్నాడు.

మరో కంపెనీది తెప్పిస్తే దాని డొప్ప నుదుటి దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. లోపల పొర పక్కలకన్నా పలచబడలేదు. చేతికి గ్లవ్ వేసుకుని చూడకుండా మీట జరిపితే తడుముకోకుండా దొరికింది. అద్దం వాడి కళ్లద్దాల ఫ్రేముకు తగలకుండా దిగింది, కింది అంచు ముక్కు మీద ఆగి మీటర్ చూసేంత సందు వదిలింది. అన్నీ కుదిరాయనుకుని పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపమన్నాను. తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. చెంపల దగ్గర రెండు వేళ్లు దూరే ఖాళీ. ఒక సైజు తగ్గిస్తే నుదురు నొక్కేస్తోంది. వాడికి అది చాలా నచ్చింది, తీసుకుందాం పెదనాన్నా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తలకు పట్టని హెల్మెట్‌లో ఎంత మందం థర్మాకోల్ ఉన్నా ఉపయోగం లేదు, దెబ్బ తగిలే లోపే అది జరిగిపోతుంది.

రెండు వారాలు తిరిగాక గుంటూరులో వాడి తలకు పట్టింది దొరికింది. ఒక్క గ్లాసుది, లోపలి అద్దం లేదు. నుదుటి పొర మందంగా ఉంది, చెంపలు గట్టిగా పట్టుకుంటున్నాయి. దానికి పైన బిగించే టోపీ అంచు విడిగా దొరికితే అదీ కొన్నాం. సాయంత్రం ఎండ ఎదురైనప్పుడు గడ్డం కాస్త దించి ఆ అంచు నీడలో చూడమని చెప్పాను. పోయిన ఆదివారం హైదరాబాద్ వెళ్లి ఫోన్ చేశాడు. నకిరేకల్ దగ్గర ఎండ మరీ కళ్లలోకి వచ్చిందట, టీకొట్టు దగ్గర బండి ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాడట.