నవ్వే పిల్లకు నొప్పి ఉండదా?

వార్డులో జూనియర్ డాక్టర్లు నా దగ్గరికొచ్చి తరచూ చేసే ఫిర్యాదు ఒకటుంది. "మేడమ్, నొప్పి పదికి ఎనిమిది అంటోంది. చూస్తేనేమో ఫోన్లో కామెడీ వీడియోలు పెట్టుకుని నవ్వుతోంది." సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పదిహేనేళ్ల పిల్ల గురించి ఆ మాట. కాలు విరిగినవాడు కేకలు పెడతాడు, అపెండిసైటిస్ వచ్చినవాడు ముడుచుకు పడుకుంటాడు. నొప్పి అంటే అలా కనిపించాలని మనకు అలవాటైపోయింది. ఈ పిల్ల ఊహ తెలిసినప్పటి నుంచీ నొప్పితోనే కాపురం చేస్తోంది. ఏడిస్తే ఎగశ్వాస వస్తుందని, దాంతో ఛాతీలో ఇంకా పొడుస్తుందని ఆమెకు తెలుసు. ఫోను చూస్తూ మనసును కాసేపు పక్కకు తిప్పుకోవడం ఎవరూ నేర్పకుండా తనంతట తాను నేర్చుకున్న విద్య. దాన్ని మనం నటన అంటున్నాం!

ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చే గోండు, కొలాం పిల్లల్ని చూసే నాబోటి వాళ్లకు నొప్పిని అడిగి తెలుసుకోవడం ఒక పనితనం. "బొక్కలు గుంజుతున్నయ్ మేడమ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. పదికి ఎంత అంటే తల్లి ముఖం చూస్తారు, ఆమె భయపడకుండా ఉండే అంకె ఏదో వెతుక్కుంటారు. అందుకే నేను వేరేవి అడుగుతాను. పొద్దున జడ ఎవరు వేశారు? అన్నం ప్లేటు పట్టుకుని లైన్లో నువ్వే నిలబడ్డావా, దోస్తు తెచ్చిపెట్టిందా? రాత్రి ఎన్నిసార్లు లేచావు? భుజం ఎత్తలేని పిల్ల జడ వేసుకోలేదు. ఆ జవాబు ఏ అంకె కన్నా నాకు ఎక్కువ చెబుతుంది.

ఇందులో మనసు పాత్ర లేదా అంటే, ఉంది. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, గట్టిపడి సన్నటి నాళాల్లో అడ్డం పడతాయి. చలి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం దాన్ని ఎగదోస్తాయి. భయమూ అంతే. లాస్ ఏంజెలెస్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు మనసుకు ఒత్తిడి కలిగించే చిన్న పరీక్షలు పెట్టి రక్తప్రవాహాన్ని కొలిస్తే, నాళాలు ముడుచుకుని ప్రవాహం తగ్గింది. నొప్పి రాబోతోందన్న ఎదురుచూపు కూడా అదే పని చేసింది. ఆరోగ్యవంతుల నాళాలూ ముడుచుకుంటాయి గానీ వాళ్ల కణాలు ఆ ఇరుకులో చిక్కుకోవు. కాబట్టి పరీక్షల ముందు రోజు కాళ్లు పట్టేసిన పిల్లాణ్ని "ఎగ్గొట్టడానికి వేషాలు" అనడం అన్యాయమే కాదు, అశాస్త్రీయం కూడా.

పిల్లల భయాలు పెద్దలు ఊహించేవి కావు. చావు భయం ఉంటుంది, ముఖ్యంగా ఇదే జబ్బుతో అన్ననో అక్కనో పోగొట్టుకున్న ఇళ్లలో. కానీ చాలామంది మగపిల్లలు గొంతు తగ్గించి చెప్పేది పక్క తడపడం గురించి. సికిల్ సెల్‌లో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు, మూత్రం ఎక్కువగా వస్తుంది. హాస్టల్లో పరువు పోతుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. తెల్లారేసరికి నొప్పి మొదలు. ఇక్కడ సిగ్గును పట్టించుకోకుండా ఎన్ని మాత్రలిచ్చి ఏం లాభం?

మరో పక్క, కౌన్సెలింగ్ పేరు చెప్పి ఒంటిని మరిచిపోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కుంటుతూ వచ్చిన కుర్రాడికి తుంటి దగ్గర తొడ ఎముక తల దెబ్బతిని ఉండొచ్చు. ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే ధైర్యవచనాలు. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే మాటలు పెట్టుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

మనసును మచ్చిక చేసుకోవడం సాధనతో వచ్చేదే. కరెన్ గిల్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం పిల్లలకు నెమ్మదిగా ఊపిరి తీయడం, ఇష్టమైన చోటును ఊహించుకోవడం నేర్పి రోజూ చేయించింది. నొప్పి ఉన్న రోజుల్లోనూ సాధన చేసినప్పుడు బడి మానడం తగ్గిందని 2001లో ప్రచురించారు. మా వార్డులో మూడు బంతుల స్పైరోమీటర్ ఉంది, గట్టిగా ఊపిరి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఛాతీనొప్పి, వెన్నునొప్పితో చేరిన పిల్లలు మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పదేసి ఊపిర్లు తీయాలి. అది ఊపిరితిత్తుల కోసం. కానీ మూడో బంతి పైకి లేచినప్పుడు పిల్లల ముఖం చూడాలి. ఒళ్లు తమ మాట వినడం వాళ్లకు ఎంత అరుదో అప్పుడు తెలుస్తుంది.

2023 జూలై 1న షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌తో రక్తపరీక్షలు, కార్డులు ఏజెన్సీ గూడేల దాకా వచ్చాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడుల్ని తగ్గిస్తుంది, మానకుండా వేసుకోవాల్సిందే. అయినా నొప్పిలో ఎక్కువ భాగం ఆసుపత్రి గడప తొక్కదు. 16 ఏళ్లు, ఆపైబడిన 232 మంది రోగులతో వర్జీనియాలో డైరీలు రాయించి 2008లో ఫలితాలు వెల్లడిస్తే, సగానికి పైగా రోజుల్లో నొప్పి ఉన్నట్టు తేలింది. అందులో అధికభాగం ఇళ్లలోనే భరించారు.

మన దగ్గర ఆ ఇల్లు ఎక్కువగా ఆశ్రమ పాఠశాల హాస్టలే. వార్డెన్లూ, టీచర్లూ, మీకే ఈ విన్నపం: కార్డు ఉన్న పిల్లల పక్కన నీళ్ల సీసా ఉండనివ్వండి, అడిగినప్పుడల్లా బాత్రూమ్‌కు పంపండి, చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దనండి. నొప్పి అన్నప్పుడు రుజువు అడగకండి.