గునుగు చిరునామా తెలిసిన పిల్లలు

పిల్లలకు చెట్టు మీద, పిట్ట మీద మమకారం కలగాలంటే ముందు వాటితో పని పడాలి. పాఠం చెబితే పేర్లు వస్తాయి, పోటీ పెడితే నినాదాలు వస్తాయి. ఫలానా పువ్వు సాయంత్రంలోగా ఇంటికి తేవాలన్నప్పుడే పిల్లల కళ్ళు నేలను వెతుకుతాయి. తెలంగాణ ఈ పనిని ఏటా తొమ్మిది రోజులు పిల్లలకు అప్పగిస్తూ వచ్చింది. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే బతుకమ్మను మనం ఆటగా, పాటగా, 2014 నుంచి రాష్ట్ర పండుగగా చూస్తున్నాం. దాని వెనకున్న పూల సేకరణను మాత్రం ఒక చదువుగా లెక్కించలేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై రహదారి వెంట ఫ్యాక్టరీలు, ప్లాట్లు పరుచుకున్న కంది లాంటి చోట్ల ఆ చదువు అవసరం ఇదివరకటి కన్నా ఎక్కువని నా వాదన.

ఈ సేకరణలో మొదటి మెళకువ చోటు తెలియడం. గునుగు వానకాలపు చేలల్లో, కంది సాళ్ళ నడుమ, గెట్ల వెంట మొలుస్తుంది. తంగేడుది రాళ్ళ నేల, గుట్టవాలు, చెల్క అంచు. పశువులు పెద్దగా ముట్టవు గనుక బీళ్ళలో గుబురుగా నిలుస్తుంది. అంటే పువ్వు కావాలన్న పిల్ల ముందు నేలను చదవాలి. రెండో మెళకువ ఈడు పట్టడం. గునుగు కంకి అడుగు నుంచి పైకి పూస్తుంది. కింది పూలు తెల్లబడి గింజ కడుతున్నా కొన మీద గులాబి రంగు ఉంటుంది. ఏ కంకి లేతది, ఏది ముదిరిందో రంగే చెబుతుంది. మూడోది కోత. తాంబాళంలో వరుసలు కుదురుగా నిలవాలంటే కాడలన్నీ ఒక కొలతకు రావాలి గనుక గునుగును వేళ్ళతో పీకి లాభం లేదు, కాడ ఉంచుకుని కోయాలి. తంగేడును కొమ్మ విరవకుండా గుత్తులుగా తుంచాలి. గుమ్మడి పాదు దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి: పువ్వు కింద పిందె ఉంటే అది ఆడపువ్వు, దాన్ని వదలాలి, సన్నని కాడ మీద నిలిచిన మగపువ్వునే, అదీ పాదుకు కొన్ని మిగిల్చి, కోయాలి. బడిలో పై తరగతుల్లో బొమ్మ గీయించి చెప్పే పరాగ సంపర్కం ఎనిమిదేళ్ళ పిల్లకు ఇక్కడ వేలి కొసన తెలుస్తుంది.

పువ్వు కోసం వెళ్ళిన పిల్లకు పురుగూ కనిపిస్తుంది. ఆ కాసేపు ఆగడం నేర్పడం పెద్దల వంతు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్ళంతా వణికిస్తే గాని అది రాలదు. ఆ క్షణంలో ఝుంకారం స్వరం మారుతుంది; చెవి పెట్టిన పిల్లలు దాన్ని పట్టగలరు. అదే తంగేడు ఆకు మీద పసుపు, తెలుపు రంగు వలస సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. చేను దూరమైన ఇళ్ళలో కుండీలోని కరివేపాకు మొక్క చాలు: దాని మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగు కొన్ని రోజులకు ఆకుపచ్చగా మారి, గూడు కట్టి, రెక్కలతో బయటికొస్తుంది. నాలుగు రెమ్మలు పోతాయని మందు కొట్టకుండా ఆగమని ఇంట్లోవాళ్ళను ఒప్పించడం ఆ పిల్ల చేసే మొదటి సంరక్షణ.

పూలు కోయడం నేర్పి ప్రేమించమంటారా అన్న అభ్యంతరం తేలిగ్గా తోసేయదగింది కాదు. అంగడికి బస్తాలు నింపడానికి గుట్టలు ఖాళీ చేస్తే తంగేడుకు చేటే. అందుకే పొదకు సగానికి పైగా పూలు మిగల్చాలన్న కట్టుబాటు ఉండాలి. అయితే గునుగు ఏటా గింజ రాల్చి మొలిచేది. దాన్ని అసలు తుడిచిపెడుతున్నవి పత్తి చేలలో కొట్టే కలుపు మందులు, చదును చేసిన వెంచర్లు. అక్కర ఉన్నవాళ్ళే మొక్కను కాపాడతారనడానికి సంగారెడ్డి జిల్లాలోనే సాక్ష్యం ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తకుండా మొలిచే గునుగు, పొనగంటి, గలిజేరు లాంటి వాటిని కూరగా వండుకుంటాయి గనుక వాటిని కలుపని పారేయలేదు. మచ్‌నూరులోని ఆ సొసైటీ బడి పచ్చసాలెలో పిల్లలకు సేద్యం కూడా చదువే. ఇక పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ జన్యుబ్యాంకు లక్షకు పైగా పంట నమూనాలను చల్లని గదుల్లో భద్రపరుస్తోంది. అది గొప్ప పని. కానీ ఏ గెట్టున ఏ మొక్క ఎప్పుడు పూస్తుందన్న ఎరుకను గదిలో దాచలేం, అది మనుషుల్లోనే బతకాలి.

ఈ నేల పిల్లలకు క్షేమమేనా అన్నది అంతకన్నా బరువైన ప్రశ్న. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు దశాబ్దాల పాటు ఫ్యాక్టరీల మురుగును మంజీర వైపు మోసింది. ఆ కాలుష్యంపై వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి వాగు ఒడ్డు, మురుగు కాలువ, రహదారి పక్క వద్దు. పెద్దల తోడు లేకుండా పొదల్లోకి వెళ్ళకూడదు, పాములు తిరిగే కాలమది. దద్దుర్లు తెప్పించే వయ్యారిభామను ముందే గుర్తుపట్టించాలి. ఈ జాగ్రత్తలతోనైనా చేలు మిగలని బస్తీల్లో సేకరణ సాగదు. అక్కడ బడి ప్రహరీ వెంట పూలు పెంచడమే దారి. పండుగ అయ్యాక ఎండిన గునుగు కంకులను కాగితం మీద దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి. తొలకరికి వాటిని పైపైన చల్లితే చాలు, అదే ఏడు బతుకమ్మకు పూస్తాయి. తంగేడు గింజ పెంకు గట్టిది, ఇసుకతో రుద్ది రాత్రంతా నానబెట్టాలి.

బడిలో పండుగ ఎందుకని అడిగేవారికి జవాబు ఒకటే: పూజ ఎవరింటిది వారిది, గింజ చల్లడానికి, తుమ్మెదను చూడడానికి ఏ మతమూ అడ్డురాదు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు తమ ఊరి పూల పేర్లు చెబితే వాటికీ ఆ ప్రహరీ పక్కన చోటివ్వాలి. తంగేడు మొదటి ఏడు పూయకపోవచ్చు. నాటిన పిల్లలు పై తరగతికి వెళ్ళేటప్పుడు ఆ మొక్కల బాధ్యతను కింది తరగతికి పేరు పేరునా అప్పగించాలి, ఎండాకాలం సెలవుల్లో నీళ్ళెవరు పోస్తారన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.